కవిలెకట్ట మొదలు క్లౌడ్ వరకు

ఊరి లెక్క ఊరిలో ఉండవలెనా, దూరమున ఉండవలెనా? ఇది కంప్యూటరుతో పుట్టిన ప్రశ్న కాదు. కడప, కర్నూలు సీమలకు రెండువందల ఏండ్ల నాటి ప్రశ్న.

ఏ చేను ఎవరిది, ఏ మాన్యము ఏ గుడిది, ఏ చెరువు ఎవరు త్రవ్వించిరి అను సంగతులన్నియు పూర్వము కరణము ఇంటి కవిలెలలో ఉండెడివి. అడిగిన వెంటనే ఆయన విప్పి చెప్పగలడు. ఇష్టము లేనిచో చెప్పకయు ఉండగలడు. ఆ ఇంటికి నిప్పంటుకొన్నచో ఊరి చరిత్రయే పోవును.

1800లో కడప సీమయు, నేటి కర్నూలు, నంద్యాల ప్రాంతములలో కొంత భాగమును నిజామునుండి కంపెనీ చేతికి వచ్చెను. పిమ్మట కాలిన్ మెకంజీ పంపిన మనుషులు ఊరూర తిరిగి, కరణముల కవిలెలనుండి కైఫీయతులు సేకరించిరి. 1821లో మెకంజీ మరణించెను. తెలుగు కైఫీయతులు తుదకు మద్రాసు చేరెను. శిథిలమగుచున్న ఆ కాగితములకు సి.పి. బ్రౌన్ నకళ్లు వ్రాయించెను. నేడు పెక్కు ఊళ్లలో కవిలెలు కానరావు. కాని కడపలో బ్రౌన్ పేరిట వెలసిన పరిశోధన కేంద్రము కైఫీయతులను అచ్చువేయగా, ఊరి కథ మరల ఊరికి చేరినది. దూరపు నకలు చేసిన మేలు అది.

1984లో కరణముల పదవి రద్దయినది. 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చెను. మొదట ఏ కార్యాలయపు దస్తావేజులు ఆ కార్యాలయపు యంత్రములోనే ఉండెడివి. 2015లో వచ్చిన ‘మీభూమి’, దూరపు సర్వరులోని అడంగలును ఎక్కడినుండియైనను చూచు వీలు కల్పించెను. క్లౌడ్ అనునదియు ఇట్టి ఏర్పాటే. పేరు మేఘమైనను, ఆ యంత్రములు ఉండునది నేలమీదనే. వాని తాళము మాత్రము మన చేత ఉండదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు పట్టణము మునిగినది. అట్టి వరదలో ఇంటి కంప్యూటరు తడిసినచో దూరపు నకలే దిక్కు. ఇంటర్నెట్ అందని దినమున మాత్రము, మన యంత్రములోనే ఎక్కించుకొన్న సాఫ్ట్‌వేరు పని నడుపును. దూరపు లెక్క ఉండియు లేనట్లే. అంతకు మించిన చిక్కు మరొకటి కలదు. దూరమున ఒక పేరు మారినచో రైతుకు వెంటనే తెలియదు. తెలిసినను, పాత నకలు చేత లేనివాడు ఏమి చూపి వాదించును?

కావున దూరపు లెక్కను మేము కాదనము. అయినను అడంగలు నకలు ఒకటి ఇంటి పెట్టెలో దాచుకొను పెద్దలను చూచి నవ్వవలదని మా మనవి.