వలస ఇళ్ల పసివాళ్లు, అమెరికా బడులు

అమెరికాలో మొట్టమొదటి కిండర్‌గార్టెన్ నడిచింది ఇంగ్లీషులో కాదు, జర్మన్‌లో. జర్మనీ నుంచి వలస వచ్చిన మార్గరెత్ షుర్జ్ 1856లో విస్కాన్సిన్ రాష్ట్రం వాటర్‌టౌన్‌లో దాన్ని మొదలుపెట్టారు. ఇంటి భాషే బడి భాష. ఆ పొత్తు ఎక్కువ కాలం నిలవలేదు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఇటలీ, పోలండ్, రష్యాల నుంచి ఓడలు దిగిన కుటుంబాల పిల్లలను వీలైనంత త్వరగా అమెరికన్లను చేయడమే బడుల పనైపోయింది.

షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో స్థాపించిన హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో జరిగిన ఒక సంగతి చాలు, చిక్కు ఎక్కడుందో తెలియడానికి. ఐదేళ్ల ఇటాలియన్ పాప పొద్దున్నే వైన్‌లో నానబెట్టిన రొట్టె తిని మత్తుగా కిండర్‌గార్టెన్‌కు వచ్చింది. హడలిపోయిన టీచరు, ఇలాగైతే పిల్ల ఏమైపోతుందోనని ఇంటికి వెళ్లి తల్లికి గట్టిగా నచ్చజెప్పబోయింది. తల్లి మర్యాదగా విన్నది. మాట పూర్తికాకుండానే ఇంట్లో ఉన్న మంచి వైన్లు తెచ్చి ముందు పెట్టింది. అవి వద్దంటే, అసలైన అమెరికా పానీయం ఇదేనంటూ విస్కీ తెచ్చింది! ఆడమ్స్ ఆత్మకథలో ఉన్న సంగతి ఇది. టీచరుకు పిల్లల పెంపకం తెలుసు, ఆ ఇల్లు తెలియదు.

ఆడమ్స్ మాత్రం తెలుసుకునే దారి వెతికారు. 1900లో లేబర్ మ్యూజియం పెట్టి, వలస వచ్చిన స్త్రీల చేత అక్కడ నూలు వడికించారు. ఊరి కట్టూబొట్టూ మారని తల్లిని చూసి నామోషీ పడే పిల్లలకు ఆమె పనితనం నలుగురూ మెచ్చుకోవడం కనిపించింది.

దేశం గాలి మాత్రం ఎదురు వీచింది. మొదటి ప్రపంచయుద్ధం రేపిన ద్వేషంలో నెబ్రాస్కా 1919లో ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు పరాయి భాషలు నేర్పడాన్ని నిషేధించింది. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

1965లో పేద పిల్లల కోసం మొదలైన హెడ్ స్టార్ట్ అనే ప్రభుత్వ ప్రీస్కూలు పథకం తల్లిదండ్రులను బడి వ్యవహారాల్లోకి పిలిచింది. పంటల వెంట తిరిగే వలస కూలీల పిల్లలకు కొద్ది ఏళ్లలోనే విడిగా కేంద్రాలు వచ్చాయి. ఇదంతా మంచిదే, కానీ భాష దగ్గర దెబ్బ తగులుతూనే ఉంది. ఇంగ్లీషు ప్రీస్కూళ్లలో చేరిన వలస పిల్లలు ఇంటి భాష మరిచిపోయి, కన్నవాళ్లతోనే మాట్లాడలేకపోతున్నారని పరిశోధకురాలు లిలీ వాంగ్ ఫిల్మోర్ 1991లో వెలువరించిన పరిశోధన బయటపెట్టింది. మూడేళ్ల పిల్లకు ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

అప్పటికే అరిజోనాలోని టూసాన్‌లో పరిశోధకుడు లూయిస్ మోల్ బృందం మరో పని మొదలుపెట్టింది. టీచర్లు మెక్సికన్ కుటుంబాల ఇళ్లకు తప్పులు ఎంచడానికి కాక, నేర్చుకోవడానికి వెళ్లారు. సేద్యం, ఇళ్లు కట్టే పని, నాటువైద్యం తెలిసిన ఇళ్లు వాళ్లకు కనిపించాయి. వలస కుటుంబాలకు సేవ చేయడానికి కావలసిన అసలు శిక్షణ ఇదే.

2016 నాటి హెడ్ స్టార్ట్ నిబంధనల్లో ఆ ఆలోచన జాడ ఉంది. రెండు భాషలు రావడం ఒక బలమని గుర్తించాలన్నాయి. ఏడాదికి కనీసం రెండుసార్లు టీచరు ఇంటికి వెళ్లాలన్నాయి, వీలైతే మొదటిసారి బడి తెరవకముందే. తరగతిలో ఎక్కువమంది పిల్లలది ఒకే ఇంటి భాషైతే, అది వచ్చిన మనిషి ఒకరైనా అక్కడ ఉండాలి. స్పానిష్ ఇళ్ల పిల్లలకు ఇది పెద్ద అండ. తరగతికి ఒకరిద్దరుగా చెదిరిపోయే తెలుగు పిల్లలకు మాత్రం ఇది అందదు. అమ్మమ్మ గోరుముద్దలు తినిపిస్తే తప్ప తినని పిల్లాడి అలవాటు టీచరుకు చెప్పడానికి దుభాషి దొరకాలి, లేదా ఇంగ్లీషు వచ్చిన అమ్మో నాన్నో ఆఫీసుకు సెలవు పెట్టి రావాలి.