హుస్సేన్ సాగర్ చుట్టూ కొలువుదీరిన విగ్రహాలు

హైదరాబాద్ వీధుల్లో శిల్పకళ చాలాకాలం మనిషి బొమ్మ జోలికి పోలేదు. 1591 నాటి చార్మినార్ మీదా, సంతోష్‌నగర్ వైపున్న పైగా సమాధుల మీదా కనిపించేది గచ్చుపని. సున్నం తడి ఆరకముందే మలిచిన తీగలు, పువ్వులు, జాలీ కిటికీల్లో ఒకదానిలో ఒకటి ఒదిగిన కోణాలు అందులో ముఖ్యం. పేరుపొందినవారి నిలువెత్తు విగ్రహాలు కూడళ్లలో విరివిగా వెలిసింది నిజాం పాలన ముగిశాకే. అలా వచ్చినవాటిలో పెద్దవన్నీ దాదాపుగా ఒకే చోట, హుస్సేన్ సాగర్ చుట్టుపక్కల, చేరాయి. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిన ఈ చెరువు నగరం కంటే వయసులో పెద్దది. హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలను కలిపే దారి దీని కట్ట మీదుగానే పోతుంది. అందరి కళ్లూ పడే చోటు కాబట్టి ప్రతి ప్రభుత్వమూ తన గుర్తును ఇక్కడే నిలపాలనుకుంది.

చెరువుకు కొంచెం ఎడంగా, శాసనసభ ఎదుట గన్‌పార్కులో ఉన్న అమరవీరుల స్తూపం వీటిలో ముందుది. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి కోసం 1970లో దీనికి శంకుస్థాపన జరిగింది. 1975 నాటికి పూర్తయింది. రూపశిల్పి ఎక్కా యాదగిరిరావు. ఇందులో మనిషి బొమ్మ లేదు, అయినా చెప్పాల్సింది ఒక్కటీ తగ్గలేదు. అడుగున నల్లరాతి పీఠం, దాని పక్కల తూటాల గుర్తుగా చిన్న చిన్న రంధ్రాలు. పైన సాంచీ తోరణాన్ని తలపించే అలంకారం. నిలువు స్తంభం ఎర్రది, త్యాగానికి చిహ్నం. దాని మీది తొమ్మిది గీతలు అప్పటి తొమ్మిది తెలంగాణ జిల్లాలు. శిఖరాన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు. నగరంలోని బహిరంగ శిల్పాలలో ఇంత పొదుపుగా ఇంత చెప్పినది ఇంకొకటి లేదు. రాష్ట్ర అవతరణ దినోత్సవాన జూన్ 2న ముఖ్యమంత్రి ముందుగా వచ్చి నివాళి అర్పించేదీ ఇక్కడే.

1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం చెరువు కట్ట అయిన ట్యాంక్‌బండ్ పొడవునా ముప్పైకి పైగా కంచు విగ్రహాలను నిలిపింది. రుద్రమదేవి, శ్రీకృష్ణదేవరాయలు, పోతన, వేమన, మొల్ల, క్షేత్రయ్య, గురజాడ, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీన్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఒకే వరుసలో నిలబడ్డారు. తెలుగుజాతి అంతా ఒకటేనన్న భావనకు కంచులో పోసిన రూపం ఇది. రాజుల పక్కన కవులకూ సంస్కర్తలకూ సమానంగా చోటు ఇవ్వడం ఈ వరుసకు నిండుదనం తెచ్చింది. అయితే కొమురం భీం వంటి తెలంగాణ పోరాట వీరులు ఇందులో లేరన్న బాధ ఇక్కడివారిలో చాలాకాలం ఉండిపోయింది.

అదే ప్రభుత్వం తలపెట్టిన బుద్ధ విగ్రహం కథ మరీ పెద్దది. అమెరికాలో స్వేచ్ఛాప్రతిమను చూసి వచ్చిన రామారావు, తన రాజధానికీ అంతటి విగ్రహం ఉండాలని కోరుకున్నారు. ఆంధ్రదేశానికి అమరావతి, నాగార్జునకొండల నుంచి బౌద్ధంతో ఉన్న అనుబంధం వల్ల బుద్ధుణ్ణి ఎంచుకున్నారు. భువనగిరి దగ్గరి రాయగిరి గుట్టలో తగిన తెల్లరాయి దొరికింది. 1985లో ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో వందలమంది శిల్పులు పని మొదలుపెట్టారు. అభయముద్రతో నిలుచున్న బుద్ధుడు 58 అడుగుల ఎత్తున, అతుకు లేకుండా ఒకే రాతిలోంచి వచ్చాడు. మూడు వందల టన్నులు దాటిన ఆ బరువును రోడ్డు మీద నడపడం ఒక ఎత్తు, నీళ్ల మీద దాటించడం ఇంకో ఎత్తు. 1988లో అనేక చక్రాల బండి మీద విగ్రహం చెరువు ఒడ్డుకు చేరింది. 1990 మార్చి 10న పంటు మీదకు ఎక్కించి చెరువు నడుమ కట్టిన దిమ్మె వైపు తీసుకెళ్తుండగా, కొద్ది దూరంలోనే పంటు ఒరిగి విగ్రహం నీట మునిగింది. పనిలో ఉన్నవారిలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. చెరువు అడుగున రెండున్నరేళ్లకు పైగా పడి ఉన్న విగ్రహాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. 2006లో దలైలామా వచ్చి ప్రతిష్ఠాపన పూజ చేశారు. ఇప్పుడు లుంబినీ పార్కు నుంచి పడవలో వెళ్లేవారికి విగ్రహం కనిపిస్తుంది గానీ, దాన్ని మోస్తూ పోయినవారు తలపునకు రారు. బుద్ధుణ్ణి చూపించే ప్రతిసారీ వారినీ చెప్పుకోవాలి.

తారీఖు కలవడం కాకతాళీయమే గానీ, 2011లోనూ మార్చి 10నే ట్యాంక్‌బండ్ మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన మిలియన్ మార్చ్‌లో పలు విగ్రహాలు ధ్వంసమయ్యాయి, కొన్ని చెరువులో పడ్డాయి. శ్రీకృష్ణదేవరాయలు, శ్రీశ్రీ, జాషువా ఆ దెబ్బ తిన్నవారిలో ఉన్నారు. అంటరానితనం మీద జీవితమంతా పోరాడిన జాషువాకు ఈ కోపంతో ఏ సంబంధమూ లేదు. కానీ ఆనాడు బద్దలైంది కవుల మీది ద్వేషంతో కాదు, ఆ వరుసను ఎవరు ఎంచారన్న ప్రశ్నతో. తర్వాత ఆ విగ్రహాలను తిరిగి నిలబెట్టారు. ఆ తర్వాతి కాలంలో కొమురం భీం విగ్రహమూ గట్టు మీదకు వచ్చింది.

రాష్ట్రం ఏర్పడ్డాక కొలతలు పెరిగాయి. 2023 ఏప్రిల్ 14న సచివాలయం పక్కన అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరణ జరిగింది. పార్లమెంటు భవనాన్ని పోలిన 50 అడుగుల పీఠం మీద 125 అడుగుల కంచు రూపం అది. రామ్ సుతార్, ఆయన కుమారుడు అనిల్ దాన్ని తీర్చిదిద్దారు. లోపల ఉక్కు చట్రం, పైన భాగాలుగా పోతపోసి అమర్చిన కంచు తొడుగు. రాయగిరి బుద్ధుడిలా ఒకే రాయి కాదు కాబట్టే ఈ ఎత్తు సాధ్యమైంది. అదే ఏడాది జూన్‌లో దానికి దగ్గరలోనే ప్రారంభమైన అమరుల స్మారకం, మెరిసే స్టీలుతో కట్టిన భారీ ప్రమిద. గన్‌పార్కు స్తూపం పలికిన మాటే ఇదీ పలుకుతుంది, కాకపోతే చాలా బిగ్గరగా.

ఈ విగ్రహాల నడుమ వేరే దారి తొక్కింది నెక్లెస్ రోడ్డు పక్కనున్న ఎం.ఎస్. మక్తా బస్తీ. 2016 ప్రాంతంలో స్టార్ట్ ఇండియా సంస్థ పిలిచిన చిత్రకారులు అక్కడి ఇళ్ల గోడల మీద పెద్ద బొమ్మలు వేశారు. పీఠం, ఆవిష్కరణ ఫలకం లేని కళ అది. వానకు, ఎండకు రంగు వెలిసిపోతుంది, గోడ సొంతదారు సున్నం వేయించుకుంటే బొమ్మ పోతుంది.