కరువునాడు వచ్చిన తుమ్మ: తోట వేసేవారికి ఒక చరిత్ర పాఠం

ఒక మందు మంచిదా, చెడ్డదా అని అడిగితే వైద్యుడు వెంటనే జవాబు చెప్పలేడు. ఎవరికి, ఏ వ్యాధికి, ఎంత మోతాదులో ఇస్తున్నామో తెలియాలి. చెట్ల సంగతీ అంతే. ఒక నేలలో మేలు చేసిన చెట్టే మరొక నేలలో కీడు చేయవచ్చు.

ఈ సత్యాన్ని మన ప్రాచీనులు బాగా గుర్తించారు. చరక, సుశ్రుత సంహితలు భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించాయి. పొడి నేల జాంగలం, నీటి వసతి అధికంగా గల నేల ఆనూపం, రెండింటి నడుమ ఉన్నది సాధారణం. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో నేరేడు, మద్ది, మేడి, కదంబం, పనస మొదలైన పదహారు చెట్లను నీటి నేలకు తగినవిగా పేర్కొన్నాడు. చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 మూరల ఎడం ఉత్తమమనీ, 16 మూరలు మధ్యమమనీ, 12 మూరలు కనీసమనీ చెప్పాడు. చెట్టును నాటే ముందు నేలను చదవాలన్నదే వీటి సారాంశం.

ఆ చదువును పక్కన పెట్టినప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మన సీమ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని పీడించిన ఘోర క్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది ఏర్పడినది 1911లో. తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోనూ ఉండేవి. అడవులు తరిగిపోతున్నాయి, కట్టెలకు కొరత ఏర్పడింది. ఇళ్లలో పొయ్యికీ, రైలు ఇంజన్లకూ కట్టెలే కావాలి. వానలేని బీడులోనూ త్వరగా పెరిగే చెట్టు కోసం ప్రభుత్వం వెదికింది.

మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1876లో అమెరికా ఖండపు ముళ్లచెట్టు విత్తనాలను తెప్పించాలని రెవెన్యూ శాఖకు లేఖ రాశాడు. జమైకా నుంచి 1877లో విత్తనాలు వచ్చాయి. 1878లో కడప జిల్లా కమలాపురంలో వాటిని నాటారు. శాస్త్రజ్ఞులు ప్రోసోపిస్ జూలిఫ్లోరా అని పిలిచే ఆ చెట్టునే మనం సర్కారు తుమ్మ అంటున్నాము. సర్కారు తెచ్చిన తుమ్మ గనుక ఆ పేరు.

బెడ్డోమ్ మొక్కల విషయం తెలియనివాడు కాడు. దక్షిణ భారత వృక్షసంపదపై గొప్ప గ్రంథాలు రచించిన పండితుడు. మన శేషాచలం కొండలలో పెరిగే అరుదైన సైకస్ జాతికి 1883లో ఆయన పేరే పెట్టారు. అటువంటి వాడు ఎంచిన చెట్టు ఎండను తట్టుకున్నది, మేకలు ఆకు ముట్టనందున నిలిచింది, కట్టెలూ ఇచ్చింది. ఆనాటి అవసరం తీరింది. ఈనాటికీ ఎందరో పేదలు దాని కట్టె మీదా, బొగ్గు మీదా బ్రతుకుతున్నారు. ఈ మేలును కాదనరాదు.

అయితే ఆకు ముట్టని పశువులు దాని తియ్యటి కాయలను ఇష్టంగా తింటాయి. గింజలు జీర్ణం కాక పేడతో బయటపడి కొత్త చోట మొలుస్తాయి. కొట్టివేస్తే మొదలు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. లోతైన వేరు నేలలోని నీటిని తోడుకుంటుంది. రాలిన ఆకులు ఇతర మొక్కలను మొలవనీయవు. ఇలా అది చెరువులలోకీ, వంకలలోకీ, బీళ్లలోకీ పాకింది. అది బ్రతుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఎక్కడ ఆగుతుంది అన్న ప్రశ్నకు నేటికీ దొరకలేదు.

వైద్యుడిగా ఈ చెట్టుతో నాకు వేరే పరిచయం ఉన్నది. దాని పుప్పొడి కొందరిలో తుమ్ములు, కళ్ల దురద, ఉబ్బసం కలిగిస్తుంది. ముల్లు విరిగి లోపలే ఉండిపోతే సాధారణంగా ఎక్స్‌రేలో కనిపించదు, అల్ట్రాసౌండ్ పరీక్షలో తెలుస్తుంది. కీలు దగ్గర గుచ్చుకున్న ముల్లు వారాల తరబడి వాపు, నొప్పి కలిగించి కీళ్లవాతమని భ్రమింపజేస్తుంది. ముల్లు దిగినవారు ధనుర్వాతపు టీకా విషయం వైద్యుని అడగాలి. మధుమేహం ఉన్నవారు అసలు ఉపేక్షించరాదు.

ఇందుకు భిన్నంగా మన ఎర్రచందనాన్ని చూడండి. అది శేషాచలం, వెలిగొండ, పాలకొండ వంటి కొద్ది కొండలలోనే సహజంగా పెరుగుతుంది. రాతి నేల, మండే ఎండ, నీరు నిలవని వాలు దానికి ఇష్టం. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. చేవకు విలువ ఉన్నదని దానిని నీరు నిలిచే పల్లంలో నాటితే శ్రమ వ్యర్థం.

మన పెరటికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఎర్రటి గరప నేలలో వేప, కానుగ, సీతాఫలం, ఉసిరి తక్కువ నీటితో నిలుస్తాయి. తేమ నిలిచే చోట నేరేడు, మద్ది తట్టుకుంటాయి. అక్కడ బొప్పాయి వేరు కుళ్లి చనిపోతుంది. ఉప్పు శాతం ఉన్న నేలను కానుగ కొంతవరకు భరిస్తుంది. స్థలం చిన్నదైతే నిమ్మ, మునగ, కరివేపాకు చాలు. గోడ పక్కన మర్రి, రావి వద్దు. తిరుపతి ప్రాంతానికి అక్టోబరు, నవంబరు వానలే ముఖ్యం గనుక వాటికి ముందే నాటితే వేరు కుదురుకుంటుంది. పసిపిల్లలున్న ఇంట పచ్చగన్నేరు పెంచకండి. దాని గింజలు గుండెను ఆపగల విషం.

కొత్త మొక్కను ఇంటికి తెచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ నేలలో ఇది బ్రతుకుతుందా? బ్రతికితే నా గీత దాటి పాకుతుందా? దీని పువ్వు, ముల్లు, కాయ ఎవరికైనా హాని చేస్తాయా? 1876లో మొదటి ప్రశ్న ఒక్కటే అడిగారు. మిగిలిన రెండింటికి జవాబును మన చెరువులూ, పొలాలూ నేటికీ చెబుతూనే ఉన్నాయి.