తూము ఎత్తినవాడు కమిటీలో ఎక్కడ?

జూబ్లీహిల్స్ గుట్టల మీది వాన ఒకవైపు దుర్గం చెరువుకు, ఇంకోవైపు షేక్‌పేటకు దిగుతుంది. నీళ్లన్నీ ఒకే పల్లానికి చేరే నేలను వాటర్‌షెడ్ అంటారు. పై కాలనీకీ కింది బస్తీకీ వాన ఒకటే. మరి నిర్ణయం?

తెలంగాణ ఊళ్లలో తూము ఎత్తి మడిమడికీ నీళ్లు పంచింది నీరటికాడు. చాలాచోట్ల దళితుడే. కట్ట ఎక్కడ బలహీనమో, ఏ కాలువ పూడిందో అతనికే తెలుసు. పొలాలకు నీళ్లు వదిలిన ఆ చెయ్యి ఊరి బావిని మాత్రం ముట్టకూడదనేవారు. 1927లో మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ నిలదీసింది ఈ అన్యాయాన్నే.

హనుమంతరావు కమిటీ సిఫార్సులతో 1995 నుంచి వాటర్‌షెడ్ పనులకు ఊరి కమిటీలు వచ్చాయి. ఎస్సీలకూ ఆడవాళ్లకూ చోటు రాశారు. అది పెద్ద అడుగే. కానీ చెక్‌డ్యాం ఆపిన నీళ్లు ఊరేది భూమి ఉన్నవాడి బోరులోకి. భూమి లేనివాడికి మిగిలేది తవ్విన రోజుల కూలి. 2015లో మిషన్ కాకతీయ తీసిన పూడికమట్టి కూడా పొలం ఉన్నవాడికే పనికొచ్చింది.

తవ్వడానికి పిలిస్తే కూలి. ప్లాన్ గీసేముందు అడిగితేనే భాగస్వామ్యం. షేక్‌పేట నాలా మ్యాపు ముందు బస్తీ మనిషి కూర్చోవాలి.

జై భీమ్.