ఫుట్‌బాల్ మేనేజరు: పదవీస్థైర్యము

వృత్తి ఫుట్‌బాలునందు ఆటగాండ్రకు శిక్షణ నొసగి, ప్రతి పోటీకిని బరిలో దింపవలసిన పదునొకండుగురిని ఎంచి, జయాపజయములకు తానే ఉత్తరవాదియగు ప్రధాన శిక్షకుని ఇంగ్లండు దేశమున మేనేజరని వ్యవహరింతురు. అతని పదవి ఎంతకాలము నిలుచునన్నది ఒడంబడికలో వ్రాసికొన్న సంవత్సరముల సంఖ్యపై గాక, క్లబ్బు యజమానులు ఆ సీజనునకు నిర్ణయించుకొన్న లక్ష్యముపైనను, వారి ఓర్పుపైనను ఆధారపడియుండును.

లక్ష్యము క్లబ్బు స్తోమతనుబట్టి మారును. ప్రీమియర్ లీగునందు 20 జట్లు ఒక్కొక్కటి 38 ఆట లాడును. గెలుపునకు 3 పాయింట్లు, డ్రా అయినచో 1 పాయింటు లభించును. కడపటి మూడు జట్లు దిగువ శ్రేణికి జారి, ప్రసారహక్కుల ఆదాయమున పెద్దభాగము కోల్పోవును గనుక, చిన్న క్లబ్బును 17వ స్థానమున నిలిపినవాడు కృతకృత్యుడే యగును. సంపన్నమైన క్లబ్బునందన్ననో, ఛాంపియన్స్ లీగున ప్రవేశ మొసగు మొదటి నాలుగు స్థానములు దాటిపోయినచో ఆసనము కదలనారంభించును.

గతవిజయము రక్షాకవచము కాజాలదు. పందెము నిర్వాహకులు ఒకటికి 5,000 రెట్లు చెల్లింతుమని చాటిన లెస్టర్ సిటీ జట్టును 2015–16లో 81 పాయింట్లతో విజేతగా నిలిపిన క్లాడియో రానియేరి, మరుసటి సీజనున వరుసగా ఐదు లీగు ఆటలలో ఓడి, 2017లో లీగునందు ఒక్క గోలైనను చేయలేని జట్టుతో 17వ స్థానమునకు దిగజారగా, ఫిబ్రవరి 23న తొలగింపబడెను. 2012 మే నెలలో చెల్సీకి తొలి ఛాంపియన్స్ లీగు కిరీటము గెలిచిన రాబర్టో డి మాటియోను నవంబరు 21న, టూరిన్ నగరమున 3–0 గోల్స్‌తో ఓడిన మరునాడే సాగనంపిరి.

ఓర్పు ఫలించిన ఉదాహరణము మాంచెస్టర్ యునైటెడ్‌ది. 1986 నవంబరులో నియుక్తుడైన అలెక్స్ ఫెర్గూసన్ మూడు సంవత్సరములు దాటినను ఒక్క ట్రోఫీయైనను గెలువక, 1989–90లో లీగున 13వ స్థానముతో సరిపెట్టుకొనెను. ఆ సీజనుననే 1990 జనవరి 7న నాటింగ్‌హామ్‌లో జరిగిన ఎఫ్.ఏ. కప్పు పోటీయందు 20 ఏండ్ల మార్క్ రాబిన్స్ తలతో కొట్టిన ఏకైక గోలు జట్టును ముందుకు నడిపింపగా, మే నెలలో కప్పు చేజిక్కెను. 2013లో ఫెర్గూసన్ స్వయముగా విరమించునాటికి ఆ క్లబ్బునకు అతడు సాధించిపెట్టిన లీగు కిరీటములు 13.