పేట బడుల్లో హక్కుల పాఠం

చిలకలూరిపేటను మేం పేట అనే అంటాం. ఇటు గుంటూరు, అటు ఒంగోలు. మా చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో తొలి పలకలు పట్టించింది ఈ రెండు ఊళ్ల మిషన్లే. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చి బడులు తెరిచాడు. 1866లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించింది ఆయనే. వీధిబడి గడప తొక్కనివ్వని పిల్లలకు ఆ మిషను బడుల్లో అక్షరం దొరికింది. ఆ మేలు మరిచిపోకూడదు. అయితే అది దొర దయ. రేపు బడి మూతపడితే వెళ్లి అడిగే చోటు లేదు.

1895లో వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువాకు బడి దొరికింది గానీ, బడిలో కులం పేరుతో ఈసడింపులు తప్పలేదు. ఇక పుస్తకాల సంగతి. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా పడవలో గ్రంథాలయం నడిపారు. అది కృష్ణా డెల్టా. మా మెట్ట ఊళ్లకు అప్పట్లో కాలువా లేదు, పడవా లేదు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక పత్తి పెరిగింది, మిర్చి పెరిగింది, గణపవరం వైపు స్పిన్నింగు మిల్లులు లేచాయి. పుస్తకాలు మాత్రం రాలేదు.

నేను టీచరుగా చేరిన రోజుల్లో హాజరుపట్టీ చూస్తే పొలంలో ఏ పని నడుస్తోందో చెప్పేయొచ్చు. దీపావళి దాటితే పత్తితీత, సంక్రాంతి దాటితే మిరపకోత. మూడో వరుస ఆడపిల్లలు ముందు మాయమయ్యేవాళ్లు. 1987–88లో పచ్చపురుగు ఏ మందుకూ చావక పత్తి దెబ్బతిని గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడు, బడి మానిన పిల్లల్లో కౌలురైతుల పిల్లలు కూడా చేరారు.

1993 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టు, మన రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో, 14 ఏళ్ల లోపు పిల్లలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. ఆ కబురు మా బడి దాకా రానేలేదు. నెల తిరిగేసరికి, మార్చి 8న, హైదరాబాదు నుంచి పేటకు వస్తున్న బస్సును దోచుకోబోయి నిప్పుపెట్టారు. 23 మంది కాలిపోయారు. ఆ కేసులో ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. ఉరి వద్దని పౌరహక్కుల సంఘాలు, రచయితలు ఉద్యమించారు. చివరకు అది యావజ్జీవమైంది.

మానవ హక్కుల మాట మా ఊరికి ఆ దారిన వచ్చింది. “చంపినోళ్లకేనా టీచరుగారూ హక్కులు, చచ్చినోళ్లకి లేవా?” అని తల్లులు నిలదీసేవాళ్లు. న్యాయమైన ప్రశ్న. పోయినవాళ్ల దుఃఖం ఊరంతా కళ్లారా చూసింది. ఉరి వద్దనడం సబబేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కానీ ఆ కోపం నిండిన ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు హక్కుల పాఠం కోర్టు కథతో మొదలుపెడితే ఎక్కదు. అన్నం కంచంతో మొదలుపెట్టాలి.

అందుకు ఆధారం తర్వాత దొరికింది. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం తిండి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బడిలో వండిన భోజనం పెట్టాల్సిందేనని ఆ ఏడాది నవంబరు 28న ఆదేశం వచ్చింది. 2003 జనవరిలో మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. పంక్తిలో కూర్చున్నప్పుడు ఈ సంగతే చెప్పేదాన్ని. ఒకసారి ఒక పిల్ల, “అయితే గుడ్డు ఇవ్వకపోతే అడగొచ్చా టీచర్?” అంది. అడగొచ్చన్నాను. మర్నాడు అడిగింది కూడా. ఆ పిల్ల నేర్చుకున్నదే హక్కుల విద్య.

మధురైలో పీపుల్స్ వాచ్ సంస్థ 1997 నుంచే తమిళనాడు బడుల్లో మానవ హక్కుల పాఠాలు చెప్పించింది. మా చేతిలో ఉన్నదల్లా పాఠ్యపుస్తకంలో అచ్చయిన రాజ్యాంగ ప్రవేశిక. దాన్ని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు కట్టి, ఒక్కో మాటకు పిల్లల చేతే ఉదాహరణ చెప్పించేదాన్ని. సమానత్వం దగ్గరికి వచ్చేసరికి తరగతంతా ఒకేసారి మాట్లాడేది. మంచినీళ్ల కుండ దగ్గర ఎవరు ఎవరికి వంచి పోస్తున్నారో అప్పుడే బయటపడేది.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లల్ని కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని 17వ సెక్షన్ చెబుతుంది. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని షెడ్యూలు చెబుతుంది. యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. ఇవన్నీ పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు తెలియాల్సిన సంగతులు. తెలిసినవాళ్లు ఇవాళ్టికీ తక్కువే.

అందరికంటే వెనక పడింది సుగ్గి పిల్లలు, అంటే వలస కోతకూలీల పిల్లలు. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతకు కుటుంబాలు కుటుంబాలే మా వైపు వస్తాయి. చేల పక్కనే పట్టాల గుడిసెలు. కోత కూలి తూకం మీద కాబట్టి పిల్లల చేతులూ కాయ కోస్తాయి, మంటెక్కుతాయి. కాస్త పెద్దపిల్ల చంటివాణ్ణి ఎత్తుకుని తిరుగుతుంది. పిల్లల్ని సొంతూళ్లోనే ఉంచి చదివించేందుకు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది. మంచి పని. అయినా తల్లిని వదిలి ఉండలేని చిన్నపిల్లలు వెంట వస్తూనే ఉన్నారు. వాళ్లను చేర్చుకోమని బడుల్లో అడిగితే, “రెండు నెలల కోసం ఎందుకమ్మా, టీసీ కూడా లేదు” అన్న జవాబు నా చెవులతో విన్నాను. ఏడాది చివరి పరీక్షలు ఎలా రాస్తారన్నది ఆ బడులవాళ్ల బెంగ. ఆ పిల్లలు ఈ రోజు ఎక్కడ కూర్చుంటారన్నది నా బెంగ.

పేట చుట్టుపక్కల రైతు సోదరులకు, ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఇది. ఈ కోతల కాలంలో మీ చేలోకి వచ్చిన కుటుంబంలో బడి ఈడు పిల్లలుంటే దగ్గర్లోని బడికి పంపించండి. టీసీ ఆలస్యమైందన్న సాకుతో ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదని చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి ఆ బిడ్డకూ చెప్పండి.