కోర్టులోనూ తెర మీదా: లారిస్సా బెరెండ్ట్ నడిచిన దారి



హాస్టల్లో పై తరగతుల పిల్లలను పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే, ఒకప్పుడు టీచరు, నర్సు, పోలీసు అనేవారు. ఇప్పుడు ఇంకో రెండు జవాబులు వినబడుతున్నాయి. భూమి కేసు కోసం తండ్రి వెంట కోర్టుకు తిరిగిన అమ్మాయి లాయరవుతానంటుంది. ఊరి పండుగలో గుస్సాడీ ఆటను సెల్‌ఫోన్‌లో తీసి అందరికీ చూపించిన అబ్బాయి సినిమాలు తీస్తానంటాడు. మొదటి జవాబుకు పెద్దలం మేము సంతోషిస్తాం. రెండో జవాబుకు మాత్రం, "ముందు చదువు చూసుకో" అంటాం. ఆ రెండూ ఒకే మనిషి చేయగలిగిన పనులని, ఒకదానికి ఒకటి బలమవుతాయని చూపించిన ఒక ఆదివాసీ మహిళ గురించి ఈ సంచికలో చెప్పదలచుకున్నాం. ఆమె ఆస్ట్రేలియాకు చెందిన లారిస్సా బెరెండ్ట్.

నానమ్మను తీసుకుపోయిన చట్టం

లారిస్సా 1969లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని కూమా అనే పట్టణంలో పుట్టారు. తండ్రి వైపు నుంచి ఆమె యువలరాయ్, కమిలరోయ్ తెగల మనిషి. ఆమె పుట్టడానికి రెండేళ్ల ముందు, 1967 మే 27న ఆస్ట్రేలియాలో ఒక ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆదివాసులను జనాభా లెక్కల్లో కలపడానికి, వారి కోసం కేంద్ర ప్రభుత్వం చట్టాలు చేయడానికి వీలుగా రాజ్యాంగాన్ని మార్చాలా అని అడిగితే, నూటికి 90 మందికి పైగా అవునన్నారు.

కానీ ఆమె ఇంటి కథ అంతకు ముందే మొదలైంది. ఆమె నానమ్మను చిన్నతనంలోనే ప్రభుత్వ మనుషులు సొంతవాళ్ల దగ్గర నుంచి తీసుకుపోయారు. అది దొంగతనంగా జరిగిన పని కాదు, చట్టప్రకారమే జరిగింది. న్యూ సౌత్ వేల్స్‌లో 1909లో ఆదివాసుల రక్షణ చట్టం వచ్చింది. పిల్లలను తీసుకుపోవాలంటే వారిని తల్లిదండ్రులు సరిగా చూడడం లేదని మొదట్లో మేజిస్ట్రేటు ముందు రుజువు చేయాల్సి వచ్చేది. 1915లో చేసిన సవరణ ఆ అడ్డు కూడా తీసేసింది. పిల్లల మేలు కోసమని బోర్డు అనుకుంటే చాలు, తీసుకుపోవచ్చు. ఆడపిల్లలను కూటమండ్రా వంటి చోట్ల ఉంచి, ఇంటిపని నేర్పి, తెల్లవారి ఇళ్లలో పనికి పెట్టేవారు. ఎందుకు తీసుకువచ్చారన్న గడిలో, కొందరు పిల్లల పేర్లకు ఎదురుగా ఆదివాసి కావడమే కారణమని రాసి ఉంది.

అలా పోగొట్టుకున్న తరాలను ఆ దేశంలో "అపహృత తరాలు" అంటారు. 1910 నుంచి 1970 వరకు ప్రతి పది మంది ఆదివాసీ పిల్లల్లో కనీసం ఒకరిని, కొన్ని చోట్ల ముగ్గురిలో ఒకరిని ఇలా వేరు చేశారని 1997లో వచ్చిన జాతీయ విచారణ నివేదిక అంచనా వేసింది.

లారిస్సా తండ్రి పాల్ చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని, పిల్లల ఆశ్రమంలో పెరిగారు. పెద్దయ్యాక ప్రభుత్వ దస్తావేజులు వెతికి, తన తల్లి ఎవరి బిడ్డో, ఏ నేల మనిషో తెలుసుకున్నారు. తర్వాత ఆదివాసీ చరిత్రను బోధించే పండితుడయ్యారు. ఇంట్లో ఆ వెతుకులాటను చూస్తూ పెరిగిన కూతురు లా చదవాలనుకున్నారు. తన కుటుంబాన్ని విడదీసింది చట్టమే కాబట్టి, ఆ చట్టం ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి కదా.

లా చదువు

న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1992లో ఆమె లా పట్టా పొందారు. సరిగ్గా అదే ఏడాది జూన్ 3న ఆస్ట్రేలియా హైకోర్టు మాబో కేసులో తీర్పు చెప్పింది. ఆ దేశంలో హైకోర్టే అత్యున్నత న్యాయస్థానం. బ్రిటిష్‌వాళ్లు వచ్చేనాటికి ఆ భూమి ఎవరిదీ కాదన్న రెండు వందల ఏళ్ల అబద్ధాన్ని ఆ తీర్పు కొట్టేసింది. ఆ కేసు నడిపిన ఎడ్డీ మాబో తీర్పు వినకుండానే, ఆ ఏడాది జనవరిలో చనిపోయారు.

తర్వాత లారిస్సా అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లి, 1994లో మాస్టర్స్, 1998లో డాక్టరేటు పూర్తిచేశారు. హార్వర్డ్ లా స్కూలు నుంచి పట్టా పొందిన తొలి ఆస్ట్రేలియా ఆదివాసి ఆమే. తిరిగి వచ్చాక సిడ్నీలోని టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరై, అక్కడి జంబున్నా అనే ఆదివాసీ విద్యా పరిశోధనా సంస్థను నడిపించారు. ఉన్నత చదువుల్లో ఆదివాసీ విద్యార్థులు ఎందుకు వెనకబడుతున్నారో పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చిన ప్రభుత్వ సంఘానికి ఆమే అధ్యక్షురాలు.

ఇంత చదివిన మనిషి కథల వైపు ఎందుకు వచ్చారు? నానమ్మ జీవితం ఆధారంగా 2004లో "హోమ్" అనే నవల రాశారు. 2016లో రాసిన మరో పుస్తకంలో ఎలైజా ఫ్రేజర్ కథను విప్పి చూపారు. 1836లో ఓడ మునిగి ఒక దీవికి చేరిన తెల్ల స్త్రీ ఎలైజా. ఆదివాసులు తనను బంధించి హింసించారని ఆమె చెప్పిన కథ దేశదేశాల్లో అచ్చయింది. ఆ దీవికి ఆమె పేరే పెట్టారు. అక్కడి బుచుల్లా ప్రజలేమో మేమే ఆమెను కాపాడామని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ మాట మాత్రం అలా దేశదేశాల్లో అచ్చు కాలేదు. ఇలాంటి కథలే జనం మనసులో పాతుకుని, ఆదివాసులను "అదుపు చేసే" చట్టాలకు దారి వేశాయని లారిస్సా వాదన. అంటే చట్టం కంటే ముందు కథ పుడుతుంది. కథ మార్చకుండా చట్టం ఒక్కటే మార్చితే సరిపోదు.

కోర్టు వినని మాట

బౌరావిల్ అనే చిన్న ఊరి సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1990, 1991లలో అయిదు నెలల వ్యవధిలో ఆ ఊళ్లో ముగ్గురు ఆదివాసీ పిల్లలు మాయమయ్యారు. ఇద్దరికి 16 ఏళ్లు, ఒక పాపకు 4 ఏళ్లు. ముగ్గురూ హత్యకు గురయ్యారు. పిల్లలు కనిపించడం లేదని కుటుంబాలు మొత్తుకుంటే, ఎక్కడికో తిరగడానికి పోయి ఉంటారని పోలీసులు తేలిగ్గా తీసుకున్నారు. తర్వాత 1994లో ఒక హత్యపై, 2006లో మరో హత్యపై విచారణ జరిగింది. రెండుసార్లూ నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యాడు. ఒకసారి నిర్దోషి అని తేలినవారిని అదే నేరానికి మళ్లీ విచారించకూడదన్నది పాత న్యాయసూత్రం. కొత్తదీ బలమైనదీ అయిన సాక్ష్యం ఉంటే మళ్లీ విచారించవచ్చని 2006లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది.

లారిస్సా, జంబున్నాలోని ఆమె సహచరులు ఆ కుటుంబాల పక్షాన నిలిచారు. అదే సమయంలో ఆమె కెమెరా కూడా పట్టుకున్నారు. 2013లో "ఇన్నోసెన్స్ బిట్రేడ్" అనే డాక్యుమెంటరీ రాసి, దర్శకత్వం వహించారు. కోర్టులో అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పాలి. ఆ రాత్రి ఏం జరిగింది, ఎవరు చూశారు అనే అడుగుతారు. ఇరవై ఏళ్లు ఆ తల్లి ఎలా బతికిందని ఎవరూ అడగరు. సినిమా అది అడిగింది. రాష్ట్ర శాసనసభ ఎగువ సభ సంఘం ఆ కుటుంబాల మాట విని 2014లో నివేదిక ఇచ్చింది.

ఇక్కడ మనం నిజం చెప్పుకోవాలి. కేసు గెలవలేదు. మళ్లీ విచారణ జరపడానికి 2018లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. 2019లో హైకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. సినిమా తీస్తే న్యాయం వచ్చేస్తుందని మేము మీకు చెప్పడం లేదు. కానీ ఆ ముగ్గురు పిల్లలూ ఒక ఫైలు నంబరుగా మిగిలిపోకుండా ఆ సినిమా చేయగలిగింది.

క్షమాపణ తర్వాత

2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో అపహృత తరాలకు క్షమాపణ చెప్పారు. దేశమంతా కన్నీళ్లు పెట్టింది. తర్వాత ఏమైంది? కుటుంబాలకు దూరంగా ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ఆదివాసీ పిల్లలు 2008లో సుమారు 9 వేల మంది ఉంటే, 2017 నాటికి 17 వేలు దాటారు. గన్నెడా అనే ఊళ్లో నానమ్మలు, అమ్మమ్మలు 2014లో ఒక సంఘం కట్టి, మా పిల్లలను తీసుకుపోవద్దని రోడ్డెక్కారు. ఆ అవ్వల పోరాటంపైనే లారిస్సా 2017లో "ఆఫ్టర్ ది అపాలజీ" తీశారు. దానికి 2018లో ఆ దేశ దర్శకుల సంఘం ఉత్తమ డాక్యుమెంటరీ దర్శకత్వ అవార్డు ఇచ్చింది.

2020లో ఆమె "మరలింగా చరూచా" తీశారు. 1956 నుంచి 1963 వరకు బ్రిటన్ అణు పరీక్షలు జరిపిన ఎడారి అది. ఆ నేల మనుషులను అంతకు ముందే అక్కడి నుంచి తరలించారు. 1984లో భూమి హక్కు తిరిగి వచ్చినా, విషం కలిసిన ఆఖరి భాగం చేతికి రావడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది. ఆ కథను ఆమె ఆ ప్రజల నోటితోనే చెప్పించారు.

మనకేమిటి?

ఈ కథ చదువుతుంటే వార్డెన్లమైన మాకు గుండెలో ఏదో గుచ్చుకుంది. మేము కూడా పిల్లలను ఇంటి నుంచి దూరంగా ఉంచి చదివించేవాళ్లమే. మా పిల్లలు తల్లిదండ్రుల సంతకంతోనో వేలిముద్రతోనో వస్తారు, పండుగలకు ఇంటికి పోతారు. ఆ తేడా చాలా పెద్దది. అయినా మా అడ్మిషన్ రిజిస్టరులో మాతృభాష అన్న గడి ఒకటి ఉంది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకూ, కొలామీ మాట్లాడే పిల్లవాడికీ చాలాకాలం మేమే ఆలోచించకుండా "తెలుగు" అని రాసేశాం. ఎవరి మీదా కోపంతో చేసింది కాదు, త్వరగా పని అయిపోవాలని చేసింది. కానీ రేపు ఎవరైనా ఆ రిజిస్టరు చూసి మన చరిత్ర రాస్తే, ఆ భాషలు అక్కడ లేనట్టే కదా. ఇప్పుడు ఆ గడిలో పిల్లలు చెప్పిన పేరే రాస్తున్నాం.

మనకు 1/70 ఉంది. పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమతా తీర్పు మన నేల మీద నుంచి వెళ్లిన కేసే. వీటిని చదివి వాదించేవాళ్లు మనలోంచి రావాలి. ఆ కేసుల వెనక బతుకులను చూపించేవాళ్లూ రావాలి.

కెమెరా పట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. చట్టం తెలియకుండా కెమెరా పడితే మనవాళ్లకే నష్టం జరగవచ్చు. అన్యాయానికి గురైన పిల్లల పేరు, ముఖం, ఊరు బయటపెట్టడం మన దేశంలో జువెనైల్ జస్టిస్ చట్టం, పోక్సో చట్టం ప్రకారం నేరం. సాయం చేద్దామని వీడియో పెట్టినా తప్పే. లాయరవ్వాలనుకునే వాళ్లకూ ఒక మాట. సెక్షన్లు నేర్చుకోండి, కానీ ముందు మనిషి చెప్పేది చివరిదాకా వినడం నేర్చుకోండి.

మొదలు పెట్టడానికి హార్వర్డ్ అక్కర్లేదు. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వ పక్కన కూర్చోండి. ఆమె పుట్టిన ఊరేది, అక్కడి నుంచి ఎందుకు వచ్చారు, ఆ భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని అడగండి. ఆమె ఒప్పుకుంటే ఫోన్‌లో ఆమె భాషలోనే రికార్డు చేయండి. తర్వాత ఇంట్లో ఉన్న పట్టా కాగితాలు తీసి, ఆమె చెప్పినదానితో సరిపోల్చి చూడండి. ఎక్కడ తేడా వస్తే అక్కడ మీ పని మొదలవుతుంది.